మిద్దె మీద మల్లెవేళ

*ఎండలు ముదిరాయని అందరూ అనుకుంటున్న రోజుల్లోనే దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ కాలనీల మిద్దెలు మొగ్గ తొడుగుతాయి. కుండీల్లో, పెయింటు డబ్బాల్లో, పగిలిన బకెట్లలో పూసే ఆ వసంతం గురించి ఈవారం ముఖచిత్ర కథనం.*

సాయంత్రం ఆరున్నర. కొత్తపేటలో ఒక మూడంతస్తుల ఇంటి మిద్దె. పొద్దు వాలినా గచ్చు ఇంకా చురుక్కుమంటోంది. అవతల స్తంభాల మీదుగా మెట్రో రైలు ఎల్బీనగర్ వైపు సాగిపోయింది. కొంగు నడుముకు చెక్కుకుని, చేతిలో స్టీలు గిన్నెతో ఒక పెద్దమ్మ మెట్లెక్కి వచ్చింది. ట్యాంకు నీడ ఎక్కడిదాకా పడుతుందో ఆమెకు తెలుసు. ఆ నీడకు అవతల, రోజంతా ఎండ తగిలే మూలలో పాత పెయింటు డబ్బా ఉంది. అందులో మోకాలెత్తు మల్లెచెట్టు.

"నిన్న పద్దెనిమిది తెంపిన. ఇయ్యాల ఎన్నో చూడాలె."

వేళ్లతో ఆకులు పక్కకు నెట్టి ఒక్కో మొగ్గా తెంపుతూ పైకే లెక్క పెట్టింది. ముప్పై ఒకటి. నెత్తిన మూరెడు రాదు. కానీ గిన్నె అడుగు కనిపించకుండా పరుచుకున్నాయి. వాటిని నా ముందుకు చాచి, "వాసన చూడు బిడ్డా, గింకా ఇచ్చుకోలేదు. ఎనిమిదింటికి చూడు దీని సంగతి" అంది.

చెట్టు ఎక్కడిదని అడిగాను. నకిరేకల్ దగ్గర ఆమె తల్లిగారింటి చెట్టు. పెళ్లయిన కొత్తలో ఒక కొమ్మ తడిగుడ్డలో చుట్టుకుని బస్సులో తెచ్చింది. ఆ ఇల్లు అమ్మేశారు, పెరడు పోయింది, అసలు చెట్టూ పోయింది. "గీ డబ్బాల ఉన్నదే మిగిలింది" అని ఆకుల్ని ఒకసారి నిమిరి కిందికి దిగిపోయింది.

మార్చి రెండో వారం నుంచి ఈ వైపు కాలనీల వాట్సాప్ గ్రూపుల్లో రెండు ప్రశ్నలే తిరుగుతుంటాయి. నీళ్ల ట్యాంకరు ఎప్పుడొస్తుంది? మీ మల్లె మొగ్గేసిందా? మొదటిది వార్తల్లోకి ఎక్కుతుంది. రెండోదాని గురించి రాసేవాళ్లు తక్కువ. అందుకే ఈ కథనం.

పెరడు పోయింది, మిద్దె మిగిలింది

దిల్‌సుఖ్‌నగర్ ఒకప్పుడు పొలాలు. దిల్‌సుఖ్ రామ్ అనే భూస్వామి పేరే ఊరిపేరయింది. దాన్ని ఆనుకుని సరూర్‌నగర్ చెరువు, ఆ చెరువు కింద తోటలు. ఎల్బీనగర్ అంటే లాల్ బహదూర్ నగర్. జై జవాన్ జై కిసాన్ అన్న శాస్త్రిగారు, తిండిగింజలకు కటకటలాడిన 1965లో ఢిల్లీలోని తన అధికార నివాసం ఆవరణలోనే పంట వేశారు. ఆయన పేరు పెట్టుకున్న ఊళ్లో ఈనాడు జానెడు నేల లేనివాళ్లు డబ్బాలో మట్టి నింపుకుని మొక్క పెంచుతుంటే ఆ పేరు సరైన చోటే ఉందనిపిస్తుంది.

నల్లగొండ, ఖమ్మం, మహబూబ్‌నగర్, కృష్ణా, గుంటూరు. ఎక్కడి నుంచి వచ్చినా చాలామంది మొదట దిగింది ఇక్కడే, విజయవాడ రోడ్డు నగరంలోకి అడుగుపెట్టే చోట. తొలి ఇళ్లు రెండు గదులవి. ముందు జామచెట్టు, పక్కన సన్నజాజి పందిరి, వెనక గిన్నెలు తోమే చోట అరటి. 2007లో ఎల్బీనగర్, గడ్డిఅన్నారం మునిసిపాలిటీలు జీహెచ్‌ఎంసీలో కలిశాయి. 2018 సెప్టెంబరులో అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్‌కు మెట్రో వచ్చింది. స్థలం విలువ పెరిగింది, రెండు గదుల ఇళ్లు నాలుగంతస్తులయ్యాయి. కింద పార్కింగు వచ్చింది, జామచెట్టు పోయింది. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ ఉన్నన్నాళ్లూ ఎండాకాలం రాత్రుళ్లు ఈ రోడ్డంతా మామిడి వాసన వేసేది. మార్కెట్ బాటసింగారం తరలాక అదీ లేదు.

నేల పోయినవాళ్లకు మిద్దె దొరికింది. కథారచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి నగరానికి తూర్పునే, నారపల్లిలో తన ఇంటి మీద తోట పెంచి, ఆ అనుభవాన్ని 'మిద్దెతోట' అనే పుస్తకంగా రాశారు. ఆ మాట ఇప్పుడు ఇంటింటా వాడుకలోకి వచ్చింది. కరోనా లాక్‌డౌన్‌లో ఇళ్లలో చిక్కుకున్నవాళ్లు ఎంతోమంది మిద్దె ఎక్కి మట్టి కలపడం నేర్చుకున్నారు. అయితే ఈ ఉత్సాహంలో టమాటా, పాలకూరలకు దొరికిన గౌరవం పూలకు దొరకలేదు. "తినేదా పెట్టేదా, పూలెందుకు?" అనే మాట చాలాసార్లు విన్నాను. నేను ఒప్పుకోను. గుమ్మడి పిందె నిలవాలన్నా కాకర కాయాలన్నా మూడో అంతస్తుదాకా తేనెటీగ ఎగిరి రావాలి. దాన్ని అంత ఎత్తుకు రప్పించేది రంగూ వాసనా. కూరగాయల తోటకు పూలకుండీ దండగ కాదు, పెట్టుబడి. ఇది వాదన కోసం చెప్పిన లెక్క. మనిషికి పువ్వు ఎందుకంటే ఆ పెద్దమ్మ గిన్నె చూస్తే చాలు.

మన వసంతం వేరు

చలిదేశాల పుస్తకాల్లో వసంతమంటే మంచు కరిగి గడ్డి మొలిచే కాలం. మన వసంతం ఎండను వెంటబెట్టుకుని వస్తుంది. ఒకవైపు ఆకు రాలుతుంటే మరోవైపు చిగురు వస్తుంది. ఫాల్గుణంలో మోదుగ ఆకుల్లేని కొమ్మల మీద ఎర్రగా పూస్తుంది. చైత్రానికి వేప పూత దులిపి ఉగాది పచ్చడికి సిద్ధం చేస్తుంది. మార్చి చివరికే 38 డిగ్రీలు చూసే ఊరు మనది.

కొత్తగా మొక్కలు పెంచేవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. డిసెంబరు, జనవరిలో తోపుడుబండి మీద విరగబూసిన పెటూనియాలు, డయాంతస్‌లు చూసి ముచ్చటపడి కొంటారు. మార్చి నడిమికల్లా అవి ఎండిపోతాయి. "నా చెయ్యి మంచిది కాదు" అని కుండీ బోర్లించేస్తారు. చెయ్యి మంచిదే. ఆ మొక్కల ఆయుష్షు అంతే, అవి చలికాలపు అతిథులు. ఎండాకాలపు ఇంటిమనుషులు వేరే ఉన్నారు: మల్లె, మందారం, నందివర్ధనం, గన్నేరు, కాగితం పూలు, శంఖుపూలు.

వీటిలో మల్లెది ప్రత్యేక స్వభావం. దాన్ని పూయించాలంటే ముందు కాస్త కష్టపెట్టాలి. చలికాలంలో నీళ్లు తగ్గించాలి. డిసెంబరు, జనవరిల్లో కొమ్మలు సగానికి కత్తిరించి, మిగిలిన ఆకు దూసేయాలి. మోడులా నిలబడ్డ చెట్టును చూసి ఇంట్లోవాళ్లు జాలిపడతారు. ఫిబ్రవరిలో మట్టి గుల్లచేసి, మాగిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి వేసి నీళ్లు మొదలుపెడితే పదిహేను ఇరవై రోజుల్లో లేత చిగుళ్లు వస్తాయి. మొగ్గ ఆ కొత్త చిగురు చివరే పుడుతుంది, పాత కొమ్మ మీద పుట్టదు. "చెట్టు పచ్చగా ఉంది, పువ్వే లేదు" అని వాపోయే ఇళ్లలో నేను చూసిన కారణాలు మూడు: కత్తెర తగలకపోవడం, రోజుకు కనీసం ఆరు గంటల ఎండ లేకపోవడం, యూరియా ఎక్కువ కావడం. యూరియా ఆకును పెంచుతుంది, మొగ్గను మరిపిస్తుంది.

> ■ సముద్రాలు దాటిన గుండుమల్లె
> మనం జడలో తురుముకునే మల్లె ఫిలిప్పీన్స్‌కు జాతీయ పుష్పం. 1934లో ప్రకటించారు, అక్కడ దాన్ని సంపగీత అంటారు. ఇండొనేషియా జాతీయ పుష్పాల్లోనూ ఇదొకటి. చైనాలో తేయాకుకు వాసన పట్టించేది ఈ పువ్వుతోనే. హవాయిలో దీని పేరు పికాకె, అంటే నెమలి. అక్కడి రాకుమారి కైయులానికి నెమళ్లన్నా ఈ పువ్వన్నా ఇష్టం కావడంతో ఆ పేరు వచ్చిందని చెబుతారు. టెక్సాస్‌లో మన తెలుగువాళ్లు చలి మొదలవగానే మల్లెకుండీని గ్యారేజీలోకి మోసుకెళ్లి, మార్చిలో మళ్లీ ఎండకు తెస్తారు.

అనుకోనివి

తోట ఇచ్చే తృప్తి ఒక ఎత్తు, ఆశ్చర్యాలు మరో ఎత్తు. చైతన్యపురిలో మా ఇంట్లో ఏడేళ్ల కిందట జరిగింది ఇది. ఒక నర్సరీలో ముదురు ఎరుపు గులాబీ కొన్నాను. మొదటి ఏడాది అరచేతంత పూలు. రెండో ఏడాది వేసవి ముందు మొదట్లోంచి ఒక కొమ్మ నిటారుగా, బలంగా లేచింది. ఎంత ఆరోగ్యంగా ఉందో అని మురిసిపోయి దానికే ఊతం కట్టాను. రెండు నెలలు తిరిగేసరికి ఎర్ర గులాబీ కొమ్మలు ఎండిపోయాయి. కొత్త కొమ్మకు గుత్తులుగా చిన్న చిన్న తెల్లపూలు వచ్చాయి. నర్సరీవాళ్లు మోసం చేశారనుకుని చాలా బాధపడ్డాను.

అసలు సంగతి తెలిసింది తర్వాత. మనం కొనే గులాబీలు చాలావరకు అంటుమొక్కలు. కింద వేరు ఒక మొండిజాతిది, పైన పువ్వు మరోజాతిది. అంటుకట్టిన ముడికి కింద నుంచి చిగురు వస్తే అది వేరుమొక్క సొంత బిడ్డ. దాన్ని అప్పుడే తుంచకపోతే తిండంతా అదే తింటుంది. నేను ఊతం కట్టి పెంచింది దాన్నే. ఆ తెల్లగులాబీని మాత్రం పీకేయలేదు, ఇప్పటికీ ఉంది. ప్రతి ఫిబ్రవరిలో గుత్తులు గుత్తులుగా పూస్తుంది.

వనస్థలిపురంలో ఒక ఇంట్లో మరో ఆశ్చర్యం చూశాను. అత్తగారు పోయాక ఆమె కుండీలన్నీ కోడలు సర్దుతోంది. ఒకదాంట్లో మొక్కే లేదు, ఎండిన మట్టి మాత్రమే. పారేద్దామని గుమ్మం పక్కన పెట్టి మరిచిపోయింది. ఏప్రిల్ చివర్లో ఒక పొద్దున ఆ మట్టిని చీల్చుకుని వేలంత లావు కాడ లేచింది. వారం తిరిగేసరికి దాని కొసన టెన్నిస్ బంతికంటే పెద్దదైన ఎర్రటి పూలబంతి. ఫుట్‌బాల్ లిల్లీ, మన ఇళ్లలో మే పువ్వు అనేది. చలికాలమంతా గడ్డ లోపల నిద్రపోయి, ఎండలు ముదిరాక లేస్తుంది. దాని పుట్టిల్లు ఆఫ్రికా. "అత్తమ్మ చెప్పకుండా దాచిపెట్టి పోయినట్టుంది" అన్నప్పుడు ఆ కోడలి కళ్లలో నీళ్లు తిరిగాయి. కుండీలో ఏమీ కనిపించకపోయినా ఒక్క వేసవి ఆగి చూడమని నేను అందరికీ చెబుతున్నది ఆ రోజు నుంచే.

దిల్‌సుఖ్‌నగర్ అంటే కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు. ఆరుగురు పడుకునే గదిలో తోటకు చోటెక్కడ? ఒక లేడీస్ హాస్టల్ కిటికీ ఊచల దగ్గర కోసిన నూనెడబ్బాలో చంద్రకాంత పూసి ఉంది. గ్రూప్-2కు చదువుతున్న అమ్మాయిది. ఊరినుంచి మిరియాల్లాంటి నల్లని గింజలు నాలుగు పొట్లం కట్టుకొచ్చింది. మధ్యాహ్నం నాలుగు దాటాక ఆ పూలు విప్పుకుంటాయి. "అవి ఇచ్చుకున్నప్పుడే టీ తాగడానికి లేస్తా, గడియారం చూడను" అంది. ఒకే చెట్టుకు ఒకటి పసుపు, ఒకటి గులాబీ, ఒకటి రెండూ చిలకరించినట్టు పూయడం చూపించి, ఎందుకలా అని అడిగింది. కార్ల్ కొరెన్స్ అనే జర్మన్ శాస్త్రవేత్త వంశపారంపర్యపు చిక్కుముడులు విప్పడానికి నూరేళ్ల కిందట పనిగట్టుకుని పెంచింది ఈ మొక్కనే అన్నాను. "అయితే జనరల్ సైన్స్‌లో రావచ్చు" అని నోట్సులో రాసుకుంది.

> ■ కాగితం పువ్వులో అసలు పువ్వు
> రంగురంగులుగా కనిపించేవి రేకులు కావు, ఆకులే. వాటి మధ్య సన్నటి గొట్టాల్లా ఉండే మూడు చిన్న తెల్లపూలే అసలు పూలు. ఎండకు, నీటి ఎద్దడికి ఎక్కువ పూస్తుంది. రోజూ నీళ్లు పోస్తే ఆకులతో సరిపెడుతుంది. ఈ మొక్క బ్రెజిల్‌ది. 1767లో ఫ్రెంచి నావికుడు బోగన్‌విల్ యాత్రలో వృక్షశాస్త్రజ్ఞుడు కొమెర్సన్ సేకరించాడు. అతని సహాయకుడిగా మగవేషంలో ఓడెక్కిన జాన్ బారే అనే స్త్రీ, ప్రపంచాన్ని చుట్టివచ్చిన తొలి మహిళగా చరిత్రకెక్కింది.

పురుగులు కూడా తోటలో భాగమే. మార్చిలో మందారం మొగ్గల చుట్టూ తెల్లటి పిండిలా పట్టేది పిండినల్లి. దాన్ని నీళ్లధారతో కడిగి, నీళ్లలో కాస్త వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్లు కలిపి కొట్టాల్సిందే. కరివేపాకు మీద పిట్టరెట్టలా కనిపించే పురుగును మాత్రం చంపొద్దు. నాలుగు రోజులు పోతే ఆకుపచ్చగా మారుతుంది, తర్వాత గూడు కడుతుంది, ఆ తర్వాత సీతాకోకచిలుక అవుతుంది. కాసిని ఆకులు పోతే పోయాయి. పిల్లలున్న ఇంట్లో ఇంతకు మించిన పాఠం ఏ బడీ చెప్పలేదు.

గోడ దాటిన కొమ్మలు

తెల్లవారుజామున ఐదున్నరకు సరూర్‌నగర్ వీధుల్లో నడిస్తే కొందరు పెద్దవాళ్లు కనిపిస్తారు. చేతిలో క్యారీబ్యాగు, కొందరికి కొక్కెం కట్టిన కర్ర. ప్రహరీ దాటిన నందివర్ధనం కొమ్మ వంచి, నాలుగు కోసుకుని, మందారం దగ్గరికి నడుస్తారు. దేవుడికేగా అన్న ధైర్యం. ఇంటివాళ్లు లేచేసరికి చెట్టు బోసిగా ఉంటుంది. ఈ పూల తగాదాలు మా కాలనీలో నీళ్ల తగాదాలకు తక్కువేమీ కావు.

మా వీధి చివరింటి రిటైర్డు మాస్టారు దీనికొక దారి కనిపెట్టారు. గోడకు చిన్న రేకు పలక తగిలించారు: "గోడ బయటి కొమ్మలు మీకు. లోపలివి మాకు. మొగ్గలు కోయవద్దు." మొదటివారం ఎవరూ నమ్మలేదు. ఇప్పుడు కోసుకునేవాళ్లే ఎండుకొమ్మలు విరిచి శుభ్రం చేస్తున్నారు. ఒకామె ఊరికెళ్లే ముందు వచ్చి, "నాలుగు రోజులు ఉండను మాస్టారూ, పూలు మీరే కోసుకోండి" అని చెప్పి వెళ్లిందట. చెప్పి ఎంత సంతోషపడ్డారో ఆయన.

అద్దె ఇళ్లవాళ్ల కథ వేరు. టు-లెట్ బోర్డు కింద నంబరుకు ఫోను చేస్తే చాలామంది ఓనర్లు ముందే చెప్పేస్తారు: మిద్దె మీద కుండీలు పెట్టొద్దు, స్లాబు చెమ్మ దిగుతుంది. వాళ్ల భయం అర్థం లేనిది కాదు. కానీ పరిష్కారం ఉంది. కుండీని గచ్చు మీద పెట్టకుండా ఇనుప స్టాండు మీదో రెండు ఇటుకల మీదో పెట్టి, గోడ వెంబడి దూలాల మీద బరువు పడేలా సర్దితే గాలి ఆడుతుంది, తడి ఆరుతుంది. ఇది చూపించి ఒప్పించిన అద్దెవాళ్లను నేనెరుగుదును. ఆర్టీసీలో కండక్టరుగా చేసే ఒకామె పదకొండేళ్లలో ఐదు ఇళ్లు మారింది. ప్రతిసారీ ట్రాలీ ఆటోలో ముందు తులసికోట ఎక్కుతుంది, తర్వాత మల్లెబకెట్టు, ఆ తర్వాతే బీరువా. "బీరువా ఇంకోటి కొనుక్కోవచ్చు సార్" అంది.

నీళ్ల ప్రస్తావన లేకుండా ఈ కథనం నిజాయితీగా ఉండదు. నగరానికి వచ్చే కృష్ణా నీళ్లకు సాహెబ్‌నగర్ రిజర్వాయరే వాకిలి, అది మన వైపే ఉంది. నెలకు 20,000 లీటర్ల ఉచిత నీటి పథకం 2021లో మొదలైంది. అయినా ఏప్రిల్ వచ్చేసరికి బోర్లు ఎండి ట్యాంకర్లు తిరుగుతాయి. పక్కింట్లో బిందె నిండనప్పుడు పైపు పెట్టి పూలు తడపడం తప్పే. ముప్పై కుండీలకు రోజుకు రెండు మూడు బకెట్లు చాలు. బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయలు కడిగిన నీళ్లు, ఏసీ నుంచి కారే నీళ్లు పోగేస్తే అందులో సగం వస్తాయి. మట్టిపైన ఎండుటాకులు రెండంగుళాల మందాన పరిస్తే తడి త్వరగా ఆరదు. నీళ్లు పొద్దు పొడిచే ముందు గానీ పొద్దు గుంకాక గానీ పోయాలి.

> ■ చంటిపిల్లలున్న ఇళ్లలో
> గన్నేరు చెట్టులో ఆకు, పువ్వు, కాయ, పాలు అన్నీ విషమే. పచ్చగన్నేరు కాయ మరీ ప్రమాదం. ఉమ్మెత్త, చంద్రకాంత గింజలు నోట్లో పెట్టుకోకుండా చూడాలి. వీటిని పిల్లలకు అందని ఎత్తులో పెంచండి. కత్తిరించాక చేతులు కడుక్కోండి.

విత్తనం లేని పువ్వు

ఇదంతా తిరిగి చూశాక నా మనసులో నిలిచింది ఒకటే. ముద్దగా రేకులు పొదిగిన గుండుమల్లె గింజ కట్టదు. గాలి మోసుకెళ్లలేదు, పిట్ట తిని వెదజల్లలేదు. ఒక చెట్టు రెండు చెట్లు కావాలంటే ఒక మనిషి కొమ్మ ఇవ్వాలి, ఇంకో మనిషి పుచ్చుకోవాలి. దిల్‌సుఖ్‌నగర్ సాయిబాబా గుడి ముందు గురువారం మూరలు కొలిచి అమ్మే మల్లెలైనా, కొత్తపేట అష్టలక్ష్మి గుడికి ఇంటినుంచి పట్టుకెళ్లే దోసెడైనా, మనీలాలో అమ్మే దండైనా ఇలా చేతులు మారిన కొమ్మల సంతానమే. నర్సరీలో యాభై రూపాయలు పెట్టి కొన్నామంటే అక్కడా ఎవరో ఒకరు కొమ్మ నాటినందువల్లే.

నకిరేకల్ పెద్దమ్మ కొమ్మ ఇప్పటికి ఎన్ని ఇళ్లకు చేరిందని అడిగాను. వేళ్లు మడిచి లెక్కపెట్టింది. నాగోల్‌లో కూతురు, హయత్‌నగర్‌లో తమ్ముడి ఇల్లు, కింది వాటాలో అద్దెకున్న గుంటూరు వాళ్లు, ఎదురింటి డాక్టరమ్మ. "మా అమ్మ చెట్టు పోలే" అంది.

మీ ఇంట్లో మల్లె ఉంటే తొలకరి పడ్డాక, జూన్ చివర్లో, నేలకు దగ్గరగా ఉన్న ఏడాది వయసు కొమ్మ ఒకటి ఎంచుకోండి. కణుపు కింద అంగుళం మేర బెరడు గీరండి. ఆ చోటును వంచి పక్కన పెట్టిన కుండీ మట్టిలో పూడ్చి, పైన చిన్న రాయి పెట్టండి. మట్టి ఆరనివ్వకండి. దసరా నాటికి వేరు పడుతుంది. అప్పుడు తల్లికొమ్మ నుంచి కోసి, ఆ కుండీని మీ పక్కవాటాలో కొత్తగా దిగినవాళ్లకు ఇవ్వండి.